తోడు లేకుండా ఊరు దాటిన పిల్లలు: చట్టం ఏం చేస్తుంది, కుటుంబం ఏం చేయాలి

సికింద్రాబాద్, విజయవాడ లాంటి పెద్ద స్టేషన్లలో రైలు దిగే జనంలో అమ్మానాన్నలు పక్కన లేని పిల్లలు కూడా ఉంటారు. ఇంట్లో గొడవపడి వచ్చేసినవాళ్లు కొందరు. పని ఇప్పిస్తామని ఎవరో తీసుకొస్తే వచ్చినవాళ్లు కొందరు. ఉస్తాద్ వెంట మదర్సా చదువుకు వెళ్లేవాళ్లు ఇంకొందరు. చూడగానే వీళ్ల మధ్య తేడా పోలీసులకు తెలియదు. అందుకే చట్టం అందరికీ ఒకే దారి పెట్టింది. ఆ దారి తెలియకపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది. కార్ఖానాలో మగ్గుతున్న పిల్లవాడు బయటపడడు. చదువుకు బయల్దేరిన పిల్లవాడు రోజుల తరబడి హోంలో ఉండిపోతాడు.

రెండు ఘటనలు

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు జరిపిన సోదాల్లో గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. వాళ్లలో ఎక్కువ మంది బీహార్ పిల్లలే. గాలి ఆడని ఇరుకు గదుల్లో, పొద్దున్నుంచి రాత్రి దాకా గాజులకు రాళ్లు అతికించడమే వాళ్ల పని.

2023 మే 30న జరిగింది దీనికి భిన్నం. మదర్సా చదువు కోసం బీహార్ నుంచి మహారాష్ట్రలోని సాంగ్లీకి రైల్లో వెళ్తున్న 59 మంది పిల్లలను భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దించేశారు. వెంట ఉన్న ఐదుగురిపై పిల్లల అక్రమ రవాణా కేసు పెట్టి అరెస్టు చేశారు. పిల్లలు పది రోజులకు పైగా షెల్టర్ హోముల్లో ఉన్నారు. అక్రమ రవాణా ఏదీ లేదని, అపార్థం వల్లే ఇలా జరిగిందని తేలి 2024లో పోలీసులు కేసు మూసేశారు.

మొదటి ఘటనలో చట్టం రావాల్సినదానికంటే ఆలస్యంగా వచ్చింది. రెండోదాంట్లో అనుమానం ముందు వచ్చింది, విచారణ తర్వాత వచ్చింది.

పిల్లవాడు నిందితుడు కాదు

ఈ విషయంలో ప్రధానమైనది 2015 నాటి బాల న్యాయ చట్టం. జువైనల్ జస్టిస్ యాక్ట్ అని పిలిచేది దీన్నే. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. ఇల్లు, ఆసరా లేని పిల్లలు, తప్పిపోయినవాళ్లు, పారిపోయి వచ్చినవాళ్లు, అడుక్కుంటున్నవాళ్లు, చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టినవాళ్లు అందరినీ ఈ చట్టం ‘సంరక్షణ అవసరమైన పిల్లలు’ అంటుంది. నేరారోపణ ఉన్న పిల్లల సంగతి జువైనల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. వీళ్ల సంగతి చూసేది బాలల సంక్షేమ సమితి, అంటే సీడబ్ల్యూసీ. ఈ తేడా తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. పిల్లవాడిని సీడబ్ల్యూసీకి తీసుకెళ్లారంటే అతని మీద కేసు పెట్టినట్టు కాదు.

ఈ చట్టంలో బాలలు అంటే 18 ఏళ్లు నిండనివాళ్లు. భారత పౌరులై ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారత్ చేరలేదు గానీ, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని 1992లో ఆమోదించింది. తోడు లేకుండా వచ్చిన శరణార్థి పిల్లలకు రక్షణ ఇవ్వాలని ఆ ఒప్పందంలోని 22వ అధికరణం చెబుతుంది.

24 గంటల గడువు

తోడు లేని పిల్లవాడు దొరికితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి. పోలీసులే తీసుకెళ్లాలని లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ సిబ్బంది, సామాజిక కార్యకర్త, డాక్టర్, నర్సు ఎవరైనా తీసుకెళ్లవచ్చు. పిల్లవాడు తనంతట తాను కూడా వెళ్లవచ్చు.

సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. సమితికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌తో సమానమైన అధికారాలు ఉంటాయి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. సమావేశం లేని రోజు ఒక సభ్యుడి ముందైనా పిల్లవాడిని హాజరుపరచవచ్చు. కాబట్టి ‘ఇవాళ సెలవు, సోమవారం రండి’ అనే మాట చట్టం ముందు నిలవదు.

ఆ తర్వాత ఇంటి పరిస్థితి మీద సామాజిక విచారణ 15 రోజుల్లో ముగియాలి. తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోపు రావాలి. పిల్లలను హోంలో ఉంచడం చివరి మార్గం మాత్రమేనని, కుటుంబానికి తిరిగి చేర్చడమే ముఖ్య ఉద్దేశమని చట్టమే చెబుతుంది. పిల్లవాడిది వేరే జిల్లా లేదా వేరే రాష్ట్రమైతే అక్కడి సమితితో మాట్లాడి సొంత ఊరికి పంపాలి. ఉత్తర్వు అందిన 15 రోజుల్లోపు పోలీసు విభాగం వెంట ఉండి తీసుకెళ్లాలి. ఆడపిల్లకైతే మహిళా పోలీసు అధికారి తోడు ఉండాలి.

పిల్లల పేరు, ఫొటో, ఊరు, స్కూలు వివరాలు పత్రికల్లో గానీ సోషల్ మీడియాలో గానీ పెట్టకూడదు. అలా పెడితే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాపాడామన్న సంతోషంలో వాట్సాప్‌లో ఫొటోలు పంచేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

వయసు ఎలా తేలుస్తారు

అనుమానం వస్తే మొదట స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూస్తారు. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఈ వరుసలో లేదు. అది గుర్తింపుకు పనికొస్తుంది గానీ వయసు వివాదం వస్తే దాని మీదే ఆధారపడకూడదు.

పనిలో పెట్టినవాళ్లకు శిక్ష

14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. స్కూలు అయ్యాక సొంత కుటుంబ పనిలో సాయపడటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 14 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తప్పు చేసిన యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లవాడిని కట్టి పడేసినట్టు ఉంచి పని చేయించినా, వాడి సంపాదన ఆపుకున్నా బాల న్యాయ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంది. పిల్లల అక్రమ రవాణా రుజువైతే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద కనీసం పదేళ్ల శిక్ష.

ఇంటికి ముందుగా అడ్వాన్సు ఇచ్చామన్నది యజమానికి రక్షణ కాదు. అప్పు తీరేదాకా పిల్లవాడు కదలకూడదంటే అది వెట్టిచాకిరి కిందికి వస్తుంది. 1976 చట్టం దాన్ని నిషేధించింది.

చదువుకు పంపే ముందు

పిల్లవాడిని ఉస్తాద్ వెంటో బంధువుల వెంటో దూర ప్రాంతానికి పంపేటప్పుడు కొన్ని కాగితాలు దగ్గర ఉంటే అనుమానం త్వరగా తీరుతుంది:

- బర్త్ సర్టిఫికెట్ లేదా స్కూలు పత్రం నకలు
- తల్లిదండ్రులు సంతకం చేసిన అనుమతి పత్రం. అందులో వాళ్ల ఫోన్ నంబర్, చేరే చోటి చిరునామా
- మదర్సా లేదా స్కూలు ఇచ్చిన అడ్మిషన్ లెటర్
- వెంట వెళ్లే పెద్దవాళ్ల గుర్తింపు కార్డు
- పిల్లలు గుంపుగా వెళ్తుంటే పేర్ల జాబితా, ఒక్కొక్కరి ఇంటి ఫోన్ నంబర్

ఇంటి ఫోన్ నంబర్ పిల్లవాడికి నోటికి రావాలి. చేరే చోటు సొంతంగా కనుక్కోకుండా, వారానికి ఒకసారైనా మాట్లాడనిస్తారో లేదో తెలుసుకోకుండా పంపకూడదు. చిరునామా చెప్పడానికి తడబడే మనిషి చేతికి ఎంత దగ్గరి బంధువైనా పిల్లవాడిని అప్పగించడం మంచిది కాదు.

ఎక్కడికి ఫోన్ చేయాలి

తోడు లేని పిల్లవాడు కనిపించినా, కార్ఖానాలో పిల్లలు పని చేస్తున్నారని తెలిసినా 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. స్టేషన్లో అయితే ఆర్‌పీఎఫ్‌కు చెప్పవచ్చు. అనాథలా కనిపించే పిల్లవాడు దొరికితే 24 గంటల్లోపు తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి. జాలిపడి ఇంట్లోనే ఉంచుకుని ఎవరికీ చెప్పకపోవడం కూడా నేరమే.

సొంత పిల్లవాడు తప్పిపోతే వెంటనే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. పిల్లలు తప్పిపోయిన ప్రతి ఫిర్యాదు మీద ఎఫ్‌ఐఆర్ పెట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘రెండు రోజులు చూడండి’ అంటే ఆ ఆదేశాన్ని గుర్తుచేయవచ్చు.

పిల్లవాడు హోంలో ఉన్నాడని కబురు వస్తే పుట్టిన తేదీ పత్రం, రేషన్ కార్డు, కుటుంబ ఫొటో తీసుకుని తల్లో తండ్రో స్వయంగా సీడబ్ల్యూసీ ముందుకు వెళ్లాలి. సమితి ఉత్తర్వు మీద 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. దాని కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. మధ్యవర్తికి డబ్బు ఇచ్చి విడిపించుకోవాల్సిన అవసరం ఎక్కడా లేదు.