దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909 జులై 15 – 1981 మే 9): స్త్రీ విద్య కోసం జీవితాంతం పాటుపడిన సంఘసేవకురాలు, స్వాతంత్ర్య సమరయోధురాలు. రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట జరిగిన బాల్యవివాహాన్ని, ఊహ తెలిశాక కాదన్నారు. చిన్నతనంలోనే బాలికా హిందీ పాఠశాల పెట్టి, తనకంటే పెద్దవాళ్లయిన ఆడవాళ్లకూ పాఠాలు చెప్పారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాకే బెనారస్ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు.

1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను, వితంతువులను చేరదీసి అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది. బడి వయసు దాటిపోయినవాళ్లకు దారి చూపడమే ఆమె చేసిన అన్నిటికంటే పెద్ద మేలు. రాజ్యాంగ సభ సభ్యురాలిగా పనిచేశారు. 1958లో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు.