క్షారము, ఆమ్లము, కుంకుడు నురుగు

1888వ సంవత్సరమున సన్‌లైట్ సబ్బుపెట్టెలు ఆంగ్లదేశమునుండి కలకత్తా రేవున దిగుటకు శతాబ్దముల పూర్వమే తెలుగువారి యిండ్లలో పాత్రలును, వస్త్రములును, శిరోజములును నిత్యము శుభ్రపడుచునే యుండెను. అందులకు వలసిన వస్తువులలో పనిగట్టుకొని అంగడిలో కొనవలసినవి మిక్కిలి తక్కువ. పొయ్యిలోని బూడిద, చారు కాచిన పిదప మిగిలిన చింతపండు పిప్పి, పెరటి కుంకుడుచెట్టు రాల్చిన కాయలు, పైరు పండని బీడుభూముల చౌడు: పనికిరానివని పాఱవేయదగిన ఈ పదార్థములే నాటి గృహపరిశుభ్రతకు మూలాధారములు.

మనుస్మృతి యైదవ యధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. రాగి, కంచు, ఇత్తడి, సీసము మొదలగు లోహములను వాని వానికి దగినట్లు క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను శుద్ధి చేయవలెనని అందు చెప్పబడినది. ఈ విభాగము నేటి రసాయనశాస్త్రమునకు సరిపోవుచున్నది. కట్టెల బూడిదయందలి పొటాషియం కార్బనేటు జిడ్డును విడగొట్టును. పిడకల బూడిద మెత్తని రాపిడిచేత మసిని వదల్చును. రాగి, ఇత్తడి పాత్రలపై గాలి సోకి యేర్పడిన నల్లని పొరను మాత్రము బూడిద కరిగింపజాలదు. దానికి చింతపండులోని టార్టారికామ్లము కావలెను. జిడ్డునకు క్షారము, చిలుమునకు పులుసు అను ఈ వివేకము అక్షరమెఱుగని యిల్లాండ్రకును కరతలామలకము. నేడు కొందఱు వంటసోడాను వెనిగరుతో కలిపి, ఆ పొంగు చూచి మురియుచున్నారు గాని, క్షారామ్లములు రెండును కలసినచో నొకదాని బలము నొకటి హరించును.

వస్త్రముల విషయమున ఆ స్మృతియే పట్టునకును, ఉన్నికిని చవిటిమన్నును, మేకరోమముల కంబళములకు కుంకుడును విధించినది. ఇచట నాకు మన తెలుగు గృహిణుల యనుభవమే శాస్త్రవాక్యముకంటె మిన్నయని తోచును. తీక్ష్ణమైన క్షారము పట్టుపోగును క్షీణింపజేయును. కనుకనే వారు పట్టుచీరలను కుంకుడురసముననే జాడించి నీడపట్టున నారవైచిరి. నగలకు మెఱుగు తెచ్చుటకు కంసాలులును ఆ రసమునే వాడిరి.

చౌడు నిజముగా రాణించినది నూలుబట్టలయందు. వేసవిలో బీడునేలపై తెల్లగా పొటమరించు ఆ మన్నులో సోడియం కార్బనేటు ప్రధానము. రజకులు దానిని నీట కలిపి, ఆ నీటిలో బట్టలను నానవైచి, నీరు మరుగుచున్న పెద్దబానమీద పేర్చి రాత్రియెల్ల ఆవిరి పట్టించి, తెల్లవాఱగనే రేవునకు కొనిపోయి బండపై నుతికి యెండవేయుచుండిరి. ఎవరి బట్ట యెవరిదో తెలియుటకు నల్లజీడిగింజ రసముతో పెట్టిన గుర్తు ఎన్ని యుతుకులకును చెఱగెడిది కాదు. కోరమాండల్ తీరమునుండి నౌకలకెక్కిన వస్త్రములకు తెల్లదనము నిచ్చినది వీరి శ్రమయే. చెన్నపట్టణమందలి వాషర్‌మన్‌పేట, ఈస్టిండియా కంపెనీవారి బట్టలను చలువచేసిన ఆ పనివారి పేరనే వెలసినది. నేతగానికి లభించిన కీర్తిలో లేశమైనను చలువచేసినవానికి దక్కకపోవుట, పైగా వానిని ఊరిలో తక్కువవానిగా చూచుట, మన సంఘము చేసిన ఘోరమైన అన్యాయము.

1959లో సర్ఫ్ పొడి మనదేశమున విక్రయమునకు వచ్చినది. క్రమముగా స్టీలు పాత్రలు ఇత్తడిని, గ్యాసుపొయ్యిలు కట్టెలను తొలగించినవి. పొయ్యి మాఱగనే బూడిదయు మాయమైనది. కుంకుడు మాత్రము నేటికిని సులభసాధ్యము: పది పండ్రెండు కాయలను పగులగొట్టి, గింజలు తీసి, పై తొక్కను రాత్రి నీట నానబెట్టి, ఉదయమున కాచి వడగట్టినచో, దానిలోని సాపొనినులవలన నురుగెత్తు ఆ రసము గాజుసామగ్రికి, నేలకు, పట్టుబట్టలకు చక్కగా నుపకరించును. ప్రకృతిజన్యమైనది గనుక సర్వథా నిరపాయమని మాత్రము తలపరాదు. అది కన్నులను మండించును, చిన్నగుంటలలో కలిసినచో చేపలను చంపును. నిలువయుంచిన రసము పులియును గావున, ఏపూటకు వలసినంత ఆపూటనే కాచుకొనుట మేలు.