ద్వేషనేరములు - పోలీసుల శిక్షణము

గడ్డివామికి నిప్పుపెట్టిన నేరము మన గ్రామములకు క్రొత్తది కాదు. గట్టుతగవుతో పెట్టిన నిప్పయినచో ఆ భయము ఒక్క యింటితో పోవును. ఆ యింటివారి కులమునో మతమునో చూచి పెట్టినదయినచో ఆ రాత్రి వాడయంతయు నిద్రపోదు. రెండుచోట్లను కాలినది గడ్డియే. ఈ భేదమును గుర్తించుట పోలీసులకు ఎట్లు నేర్పిరో నేడు చెప్పబూనితిని.

1993 ఏప్రిలు 22వ తేది రాత్రి, లండను నగరపు ఎల్తాము పేటలో బస్సుకొఱకు వేచియున్న స్టీఫెను లారెన్సు అను పదునెనిమిదేండ్ల నల్లజాతి విద్యార్థిని తెల్లజాతి యువకులు కొందఱు జాతిపేరుతో దూషించి, కత్తితో పొడిచి చంపిరి. వెంటనున్న మిత్రుడు తప్పించుకొనెను. పోలీసులు వచ్చిరి, కాని అతడును దాడికి గురియైనవాడే యని తలంపలేదు. నెత్తురోడుచున్నవానికి ప్రథమచికిత్సయు సరిగా జరుగలేదు. అనుమానితుల పేర్లు వెంటనే తెలిసినను, పట్టుకొనుటకు రెండు వారములు జాగుచేసిరి.

తలిదండ్రులు విడువలేదు. 1997లో విచారణ యేర్పడెను. విశ్రాంత న్యాయమూర్తి మాక్ఫెర్సను 1999 ఫిబ్రవరిలో డెబ్బది సిఫారసులతో నివేదిక వెలువరించెను. పోలీసుశాఖలో వ్యవస్థాగతమైన జాతివివక్ష కలదన్న మాట ప్రసిద్ధి కెక్కినది. నాకు మాత్రము వేఱొక చిన్న నియమము మిన్నగా తోచును: బాధితుడు గాని మఱియెవరు గాని జాతిద్వేషముచే జరిగినదని తలచినచో, దానిని అట్లే నమోదు చేయవలెను. నేరము రుజువైనదని దీని యర్థము కాదు. ఆ వైపు వెదకుట మానరాదని. హంతకులలో ఇద్దఱికి శిక్షపడుట 2012 జనవరిలో గాని జరుగలేదు.

ఐరోపా భద్రతా సహకార సంస్థలో 57 రాజ్యములు కలవు, అమెరికాయు అందొకటి. వార్సాలోని దాని మానవహక్కుల కార్యాలయము పోలీసులకొఱకు 2012లో క్రొత్త శిక్షణక్రమము నారంభించెను. ఆయా దేశపు చట్టమునకు తగినట్లు పాఠము కూర్చి, కొందఱు పోలీసులకే బోధించి, వారిచే తక్కినవారికి చెప్పించుట దీని పద్ధతి. కొట్టినవాడు ఏమనెను? గోడపై ఏమి వ్రాసెను? అది పండుగదినమా? ప్రార్థనాస్థలమా? వేఱు తగవేదైన కలదా? ఇవి అడుగవలసిన ప్రశ్నలు. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. మన పెద్దమనుష్యులు తిట్టును పలుకుటకు సిగ్గుపడి "రానిమాట అన్నాడు" అని దాటవేయుదురు. ఈ శిక్షణలో ఆ రానిమాటనే అక్షరము పోకుండ వ్రాసికొనవలెను.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున, ఓలేతా పట్టణములో, మన హైదరాబాదునుండి వెళ్ళిన యింజనీరు నొకని ఒకడు తుపాకితో కాల్చి చంపెను. తెలుగు మిత్రుడు గాయపడెను. కాల్చుటకు ముందు వారే దేశస్థులని అడిగి, తన దేశము విడిచి పొండని అఱచెను. సాక్షులు ఆ మాటలను చెప్పిరి, పోలీసులు వ్రాసికొనిరి. 2018లో హంతకుడు ద్వేషనేరము నొప్పుకొనగా ఫెడరలు న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించెను. ఆనాడు అడ్డుపడబోయి గుండుదెబ్బ తిన్న మూడవవాడు, ఆ యిరువురిని ఎఱుగని ఒక అమెరికను యువకుడు.