ఇంటర్నెట్‌లో డేటా చేరవేత: పూచీ ఉన్నదీ, పూచీ లేనిదీ

ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణిస్తుంది. వాటిని ముందుకు పంపే ఐపీ ప్రోటోకాల్ గమ్యం చేరుస్తానని ఎవరికీ మాట ఇవ్వదు. దారిలో ప్యాకెట్ పోవచ్చు, ఒకటే రెండుసార్లు రావచ్చు, వెనక పంపినది ముందు చేరవచ్చు. ఈ లోపాలను సరిదిద్ది అప్పగించేది టీసీపీ. సరిదిద్దకుండా, వచ్చింది వచ్చినట్టే అప్పగించేది యూడీపీ. మొదట్లో ఈ మూడూ వేర్వేరుగా లేవు. వాటిని విడదీయక తప్పని పరిస్థితి తెచ్చినవాటిలో ముఖ్యమైనది మనిషి మాట.

ఇంటర్నెట్‌కు ముందు, 1969లో మొదలైన అర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో చేరవేత బాధ్యత నెట్‌వర్క్‌దే. బీబీఎన్ సంస్థ తయారుచేసిన ఐఎంపీ అనే కంప్యూటర్లు దారిలో ప్యాకెట్ పోతే తామే మళ్లీ పంపేవి. సందేశం చేరాక, తర్వాతిది పంపవచ్చని కబురు చేసేవి. నెట్‌వర్క్‌పై అంత నమ్మకం ఉండబట్టే అప్పటి ఎన్‌సీపీ ప్రోటోకాల్ పోయిన ప్యాకెట్ సంగతి పట్టించుకోలేదు. ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ బృందం 1970ల తొలి ఏళ్లలో రూపొందించిన సిక్లాడ్ నెట్‌వర్క్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. అక్కడ నెట్‌వర్క్ డేటాగ్రామ్‌లను, అంటే దేనికది విడిగా సాగే ప్యాకెట్లను, చేతనైనంతలో చేరవేస్తుంది, అంతే. లెక్క చూసుకోవలసింది రెండు చివర్ల ఉన్న కంప్యూటర్లే. ఇంటర్నెట్‌కు మూలమైన ఆలోచనల్లో ఇదొకటి. పూజాన్‌కు ఇందుకు దక్కవలసినంత పేరు సామాన్య పాఠకుల్లో దక్కలేదు.

వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974 మేలో ప్రచురించిన పత్రం ఈ దారినే నడిచింది. రేడియో, ఉపగ్రహ నెట్‌వర్క్‌లను అర్పానెట్‌తో కలపాలన్నది వారి సంకల్పం. గాలిలో పోయే ప్యాకెట్‌కు మధ్యలో ఎవరు మాత్రం పూచీ పడగలరు? అందుకే ఆ భారాన్ని చివర్లకు అప్పగించారు. అలా రూపుదిద్దుకున్న టీసీపీలో పంపే ప్రతి బైట్‌కూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఎంతవరకు అందిందో అవతలి కంప్యూటర్ రసీదు పంపుతుంది. గడువులోగా రసీదు రాకపోతే ఇవతలిది మళ్లీ పంపుతుంది. వరుస తప్పి వచ్చినవాటిని సర్ది, రెండోసారి వచ్చినవాటిని తీసేసిన తర్వాతే ప్రోగ్రామ్ చేతికి ఇస్తుంది.

ఫైళ్లకు ఇది చక్కగా సరిపోయింది, మాటకు సరిపోలేదు. అర్పానెట్ మీద గొంతు పంపే ప్రయోగాలు చేస్తున్న డానీ కోహెన్‌కు ఈ ఇబ్బంది అనుభవంలోకి వచ్చింది. సంభాషణలో ఒక ముక్క పోతే చెవి సర్దుకుంటుంది. పోయిన ముక్క కోసం వెనక ఉన్నవన్నీ ఆగితే సంభాషణే తెగిపోతుంది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. కోహెన్, డేవిడ్ రీడ్, జాన్ షోక్ వంటివారి వాదనతో 1978లో టీసీపీని రెండుగా చీల్చారు. దారి చూసే పని ఐపీకి, పూచీ పడే పని టీసీపీకి వెళ్లాయి. పూచీ అక్కర్లేనివారికోసం యూడీపీ పుట్టింది. జాన్ పోస్టెల్ 1980 ఆగస్టులో వెలువరించిన దాని నిర్వచనం, ఆర్‌ఎఫ్‌సీ 768 అనే పత్రం, మూడే పేజీలు. ప్యాకెట్ ముందు వివరాలు ఉండే శీర్షం టీసీపీలో కనీసం 20 బైట్లయితే యూడీపీది 8 బైట్లే. 1983 జనవరి 1న అర్పానెట్ ఎన్‌సీపీని వదిలి కొత్త ప్రోటోకాళ్లకు మారింది. సైట్ల పేర్లకు చిరునామాలు వెతికే డీఎన్‌ఎస్ కూడా ప్రధానంగా యూడీపీనే ఎంచుకుంది. చిన్న ప్రశ్న, చిన్న జవాబు. జవాబు రాకపోతే మళ్లీ అడిగితే సరి.

పోయినదాన్ని మళ్లీ పంపడంలో ఉన్న ముప్పు 1986 అక్టోబరులో బయటపడింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రద్దీవల్ల ప్యాకెట్లు పోతుంటే కంప్యూటర్లు వాటినే మళ్లీ మళ్లీ పంపి రద్దీని ఇంకా పెంచాయి. వాన్ జేకబ్‌సన్, మైఖేల్ కారెల్స్ దీనికి విరుగుడు కనిపెట్టారు: నెమ్మదిగా మొదలుపెట్టాలి, ప్యాకెట్ పోతే దాన్ని రద్దీకి సూచనగా తీసుకుని జోరు తగ్గించాలి. 1988లో జేకబ్‌సన్ ప్రచురించిన ఈ పద్ధతి లేకపోతే ఇంటర్నెట్ ఇంతగా పెరిగేది కాదు. యూడీపీకి మాత్రం అలాంటి కళ్లెం తనంతట తాను లేదు. వాడుకునే ప్రోగ్రామే సంయమనం పాటించాలి.

చాలాకాలం వెబ్ మొత్తం టీసీపీ మీదే నడిచింది. ఒక పేజీలోని బొమ్మలు, అక్షరాలు ఒకే వరుసలో వస్తున్నప్పుడు ఒక్క ప్యాకెట్ పోతే, దానితో సంబంధం లేనివి కూడా ఆగిపోయేవి. గూగుల్‌లో జిమ్ రాస్కిండ్ 2012లో రూపకల్పన చేసిన క్విక్ అనే ప్రోటోకాల్ ఈ చిక్కును తీర్చింది. అది యూడీపీ మీద ప్రయాణిస్తూ, రసీదులు, తిరిగి పంపడం, రద్దీ నియంత్రణ తానే చూసుకుంటుంది. ఒక్కో ప్రవాహానికి వరుస వేరు కాబట్టి ఒకటి ఆగినా తక్కినవి సాగుతాయి. 2021 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9000గా అది ప్రమాణమైంది. వెబ్ పేజీలను చేరవేసే ఎచ్‌టీటీపీ మూడో వెర్షన్ దానిపైనే నడుస్తోంది. 2022 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 9221 ద్వారా అదే క్విక్ కనెక్షన్‌లో పూచీ లేని డేటాగ్రామ్‌లను కూడా పంపే వీలు కలిగింది.