సెకండ్ హ్యాండ్ పోలో జీటీ: బ్యాడ్జీ చూసి కాదు, వేరియంట్ చూసి కొనండి

ఇంట్లో కుర్రాడికి స్పోర్ట్స్ కారు షౌక్. అబ్బాకు ఖర్చు భయం, అమ్మీకి స్పీడు భయం. రెండు సీట్ల అసలు స్పోర్ట్స్ కారు కొనే బడ్జెట్ చాలా ఇళ్లలో ఉండదు, ఉన్నా అందులో కుటుంబమంతా పట్టదు. అందుకే మధ్యేమార్గంగా చాలామంది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ వైపు చూస్తారు. చిన్న కారే, కానీ ఇంజిన్‌లో దమ్ము ఉంటుంది. మన దేశంలో పోలో 2010లో వచ్చింది, పుణె దగ్గరి చకన్ ఫ్యాక్టరీలో తయారైంది, 2022లో ఉత్పత్తి ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండ్ బండ్లే.

చిక్కు ఎక్కడంటే, బయటి నుంచి చూస్తే పోలోలన్నీ ఒకేలా ఉంటాయి. ట్రెండ్‌లైన్, కంఫర్ట్‌లైన్, హైలైన్, హైలైన్ ప్లస్, జీటీ టీఎస్ఐ, జీటీ టీడీఐ అని పేర్లు చాలా ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ ధరలో లక్ష తేడా రావచ్చు. ఆ లక్ష దేనికి ఇస్తున్నామో తెలియకుండా బేరం మొదలుపెడితే నష్టం మనకే.

ఏ పేరులో ఏ ఇంజిన్ ఉంది?

మామూలు పెట్రోల్ పోలోలో మొదట ఉన్నది మూడు సిలిండర్ల 1.2 ఎంపీఐ ఇంజిన్, సుమారు 75 పీఎస్ పవర్. 2018లో దాని స్థానంలో 1.0 ఎంపీఐ వచ్చింది. పవర్ దాదాపు అంతే. రెండూ నెమ్మది ఇంజిన్లే. హైలైన్ అని రాసి ఉన్నా ఇంజిన్ ఇదే అయితే స్పోర్ట్స్ కారు సరదా ఆశించకండి.

జీటీ టీఎస్ఐ 2013లో వచ్చింది. నాలుగు సిలిండర్ల 1.2 టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్‌తోనే అమ్మారు, మాన్యువల్ లేదు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 9.7 సెకన్లు అని కంపెనీ చెప్పింది.

జీటీ టీడీఐ కూడా 2013లోనే వచ్చింది. మొదట 1.6 లీటర్ల డీజిల్, 2014 నుంచి 1.5 లీటర్ల డీజిల్. టార్క్ 250 ఎన్ఎం, గేర్లు 5, మాన్యువల్ మాత్రమే.

2020లో బీఎస్6 నిబంధనలతో డీజిల్ పోయింది. టీఎస్ఐ ఇంజిన్ 1.0 లీటర్‌కు మారింది. సిలిండర్లు మూడే, కానీ పవర్ 110 పీఎస్, టార్క్ 175 ఎన్ఎం. డీఎస్‌జీకి బదులు 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. హైలైన్ ప్లస్‌లో ఇదే ఇంజిన్‌కు 6 గేర్ల మాన్యువల్ కూడా ఇచ్చారు.

ఇవి కాక పోలో జీటీఐ అని ఒకటుంది. మూడు డోర్లు, 1.8 లీటర్ల ఇంజిన్, 192 పీఎస్. 2016 చివర్లో 99 కార్లు మాత్రమే తెచ్చారు. ఎవరైనా తక్కువ ధరకు "జీటీఐ" అంటే నమ్మే ముందు డోర్లు లెక్కపెట్టండి.

డబ్బు దేనికి పెట్టాలి?

వేరియంట్ ఎంపికలో గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే: తర్వాత బిగించుకోలేని దానికి డబ్బు పెట్టండి, తర్వాత బిగించుకోగలిగే దానికి పెట్టకండి.

అలాయ్ వీల్స్, టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా, సీటు కవర్లు హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరుకుతాయి. ఇంజిన్, గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ అలా దొరికేవి కావు. ఫ్యాక్టరీలో వచ్చినవే వచ్చినట్టు.

ఒక ఊహా లెక్క చూద్దాం. హైలైన్ ఎంపీఐ 3.5 లక్షలకు, అదే ఏడాది జీటీ టీఎస్ఐ 4.3 లక్షలకు దొరుకుతున్నాయి అనుకుందాం. 80 వేలు మిగిలాయని హైలైన్ తీసుకుని వీల్స్, మ్యూజిక్, స్పాయిలర్ అంటూ 70 వేలు పెట్టారు. ఖర్చు దాదాపు సమానమైంది, ఇంజిన్ మాత్రం 75 పీఎస్ దగ్గరే ఉంది. తిరిగి అమ్మేటప్పుడు ఆ 70 వేలలో వెనక్కి వచ్చేది చాలా తక్కువ. సరదా కోసమే కొంటుంటే మొదటే జీటీ చూడాలి. ఆఫీసుకు, బజారుకు తిరగడానికే అయితే హైలైన్ ఎంపీఐ చాలు, మిగిలిన 80 వేలు ఇంట్లో ఉంచండి. రెండింటి మధ్య ఊగిసలాడితేనే డబ్బు వృథా.

ఆర్సీలో రెండు గడులు చూడండి

జీటీ బ్యాడ్జీ కొన్ని వందలకు దొరుకుతుంది. డిక్కీ డోర్ మీద అతికించడానికి పది నిమిషాలు చాలు. అందుకే బ్యాడ్జీని వదిలి ఆర్సీ అడగండి. అందులో సీసీ, సిలిండర్ల సంఖ్య రాసి ఉంటాయి.

1197 సీసీ, 4 సిలిండర్లు, పెట్రోల్ అని ఉంటే అది 1.2 టీఎస్ఐ. 1198 సీసీ, 3 సిలిండర్లు ఉంటే మామూలు ఎంపీఐ. తేడా ఒక్క సీసీయే, కారు మాత్రం వేరు. డీజిల్‌లో 1598 సీసీ అంటే తొలినాటి జీటీ టీడీఐ.

రెండు చోట్ల సీసీ ఒక్కటే సరిపోదు. హైలైన్ 1.5 డీజిల్ (90 పీఎస్), జీటీ 1.5 డీజిల్ రెండూ 1498 సీసీయే. అలాగే 1.0 ఎంపీఐ, 1.0 టీఎస్ఐ రెండూ 999 సీసీ, 3 సిలిండర్లే. అప్పుడు ఆర్సీలో మోడల్ పేరు పూర్తిగా చదవండి. మాన్యువల్ బండి అయితే గేర్ రాడ్ మీద చూడండి: టీఎస్ఐకి 6 గేర్లు, ఎంపీఐకి 5. ఇంకా అనుమానం ఉంటే ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే వేరియంట్ తేలిపోతుంది.

జీటీ టీఎస్ఐ: గేర్‌బాక్సే అసలు పరీక్ష

2013 నుంచి 2020 ఆరంభం దాకా వచ్చిన జీటీ టీఎస్ఐలో ఇంజిన్ కన్నా ముందు చూడాల్సింది డీఎస్‌జీ గేర్‌బాక్స్. ఇది రెండు డ్రై క్లచ్‌లతో పని చేస్తుంది. క్లచ్‌ను, గేర్లను నడిపే మెకట్రానిక్ అనే భాగం ఇందులో బలహీనమైన చోటు. అది పోతే మార్చే ఖర్చు లక్ష దాటడం మామూలే. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలే చోట డ్రై క్లచ్‌లు ఎక్కువ వేడెక్కుతాయి. నగరంలోనే తిరిగిన బండికి ఈ అరుగుదల ఎక్కువ.

టెస్ట్ డ్రైవ్‌కు ఉదయం వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. డ్రైవ్‌లో వేసి బ్రేక్ వదిలితే కుదుపు లేకుండా ముందుకు పాకాలి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు జర్కు, రివర్స్ వేసినప్పుడు ఆలస్యం, మీటర్‌లో గేర్ అంకె మినుకుమినుకుమనడం మంచి లక్షణాలు కావు. తర్వాత అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. మెకట్రానిక్ లేదా క్లచ్ ఇప్పటికే మార్చి ఉంటే బిల్లు చూపించమనండి. బిల్లు ఉంటే అది లోపం కాదు, కొనేవాళ్లకు లాభమే.

ఇంకో మాట. టీఎస్ఐ ఇంజిన్లకు "రీమ్యాప్" చేయించి పవర్ పెంచడం కుర్రాళ్లలో మామూలే. ఈ డీఎస్‌జీ గరిష్ఠంగా 250 ఎన్ఎం టార్క్‌కు తయారైంది. రీమ్యాప్ ఆ హద్దు దగ్గరికి తీసుకెళ్తే ఆ భారం క్లచ్‌ల మీద పడుతుంది. పైగా మార్పుల సంగతి కంపెనీకి చెప్పకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. అందుకని ఈ విషయం సూటిగా అడగండి.

జీటీ టీడీఐ: ఎక్కువ తిరిగేవాళ్లకు

హైదరాబాద్ నుంచి కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ తరచుగా వెళ్లేవాళ్లకు డీజిల్ జీటీ ఇప్పటికీ మంచి బండి. డీఎస్‌జీ భయం లేదు. అయితే రెండు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, 2015లో బయటపడిన ఉద్గారాల వ్యవహారం తర్వాత కంపెనీ మన దేశంలో దాదాపు 3.23 లక్షల డీజిల్ కార్లకు రీకాల్ ప్రకటించింది. 2015 నవంబర్ వరకు తయారైన ఈఏ189 ఇంజిన్లు అందులో ఉన్నాయి. ఆ కాలపు బండి అయితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జరిగిందా అని సర్వీస్ రికార్డులో చూడండి.

రెండు, ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ కార్లపై వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి పాత డీజిల్ బండ్లు తక్కువ ధరకు మన వైపు వస్తుంటాయి. ధర చూసి మురిసిపోకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబర్... ఇవన్నీ కలిపాకే అసలు ధర తేలుతుంది.

2020 తర్వాతి 1.0 టీఎస్ఐ

కుటుంబానికి, సరదాకు రెండింటికీ కుదిరే బండి ఏదంటే, బడ్జెట్ అందితే, ఇదే. ఇందులో గేర్‌బాక్స్ జీటీ బ్యాడ్జీ కన్నా ముఖ్యం. హైలైన్ ప్లస్ మాన్యువల్‌లోనూ అదే 110 పీఎస్. కాబట్టి మాన్యువల్ నడపడం ఇష్టమైనవాళ్లు జీటీ పేరు కోసం అదనంగా ఇవ్వనక్కర్లేదు. ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ నగర ట్రాఫిక్‌కు పాత డీఎస్‌జీ కన్నా నిబ్బరంగా ఉంటుంది.

2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలో చాలా కార్లు మునిగాయి. కార్పెట్ కింద మట్టి వాసన, సీటు పట్టాల తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే కనిపించే బురద మరక చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడగండి.

పిల్లలు ఎక్కే బండి: భద్రత

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు సున్నా స్టార్లు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు పెద్దల భద్రతలో 4 స్టార్లు వచ్చాయి. ఆ వెంటనే 2014 ఫిబ్రవరి నుంచి అన్ని పోలోలకూ రెండు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. అంతకుముందు తయారైన కింది వేరియంట్లలో అవి లేనివి ఉన్నాయి. ధర ఎంత తక్కువైనా అలాంటిది వదిలేయండి.

బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ జీటీ టీఎస్ఐకి ఉన్న పెద్ద బలం. ఏ వేరియంట్ చూసినా తాళం ఆన్ చేయగానే మీటర్‌లో జారుతున్న కారు బొమ్మ వెలిగి, కాసేపటికి ఆరాలి. ఎయిర్‌బ్యాగు లైటు కూడా అంతే. అసలు వెలగకపోతే ఆ ఫీచర్ లేదు, లేదా బల్బు తీసేశారు.

వెనక సీటు సంగతీ చెప్పాలి. ఏ పోలోలోనైనా కాళ్లకు చోటు తక్కువ. నానీమా, ఇద్దరు పిల్లలు వెనక కూర్చుని దూరం వెళ్లే ఇల్లయితే డబ్బు ఇచ్చే ముందే వాళ్లను ఒకసారి కూర్చోబెట్టండి.

ఇన్సూరెన్స్‌లోనూ వేరియంట్ తేడా

థర్డ్ పార్టీ ప్రీమియం సీసీ మీద ఆధారపడుతుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 వరకు 3,416, 1500 దాటితే 7,897. అంటే 110 పీఎస్ ఇచ్చే 1.0 టీఎస్ఐకి అతి తక్కువ, 105 పీఎస్ ఇచ్చే 1.6 టీడీఐకి అతి ఎక్కువ. జీఎస్టీ, సొంత బండి నష్టం ప్రీమియం అదనం. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

డబ్బు ఇచ్చే ముందు

బ్యాంకు లోన్‌తో కొంటే బ్యాంకు కూడా కొన్ని కాగితాలు చూస్తుంది. మొత్తం నగదు ఇచ్చి కొనే కుటుంబాలకు ఆ రెండో కన్ను ఉండదు, అన్నీ మనమే చూసుకోవాలి. ఆర్సీ మీద హైపోథికేషన్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ లేకుండా అడ్వాన్స్ దాటి ఇవ్వకండి. ఫారం 29, 30 మీద సంతకాలు, పెండింగ్ చలాన్లు, ఇన్సూరెన్స్ తేదీ చూసుకోండి. ఆర్సీ మీ పేరు మీదకు, ఇన్సూరెన్స్ మీ పేరు మీదకు, రెండూ వేర్వేరు పనులు. ఇన్సూరెన్స్ మార్పుకు గడువు 14 రోజులే.

ఉన్న డబ్బంతా ధరకే పెట్టేయకండి. బడ్జెట్ 5 లక్షలైతే 4.2 లక్షల బండి చూసి, మిగతాది టైర్లు, బ్రేకులు, మొదటి సర్వీసుకు ఉంచండి. పాత డీఎస్‌జీ అయితే ఇంకాస్త ఎక్కువే ఉంచాలి. ఆ మిగులు లేకపోతే జీటీ టీఎస్ఐ వద్దు.

క్లుప్తంగా: నగరంలో తిరుగుతూ వారాంతంలో సరదా కావాలంటే 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ. నెలనెలా దూరం వెళ్తే సర్వీస్ రికార్డున్న 1.5 జీటీ టీడీఐ. చేతిలో రిపేరు డబ్బు ఉండి, గేర్‌బాక్స్ బిల్లులు కూడా దొరికితే 1.2 జీటీ టీఎస్ఐ. ఇవేవీ కుదరకపోతే మంచి హైలైన్ ఎంపీఐ తీసుకుని, దాని మీద జీటీ బ్యాడ్జీ మాత్రం అతికించకండి.