జైలుకెళ్ళిన రాతలు, లెక్కలోకి రాని గొంతులు

రాసినందుకు జైలుకెళ్ళిన వాళ్ళ జాబితా మన చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ జాబితాను మేము కాదనడం లేదు. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు, లోపలికెళ్ళాక ఎవరికి ఏ జైలు దొరికింది అని మాత్రం అడుగుతున్నాం.

మన సీమ నుంచే మొదలుపెడదాం. కర్నూలు వాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కింద జైలుకెళ్ళారు. 1940లో మన అనంతపురం జిల్లాలోనే మరో సంగతి జరిగింది. తరిమెల నాగిరెడ్డి యుద్ధం గురించి, దాని ఆర్థిక ప్రభావం గురించి చిన్న పుస్తకం రాశారు. దాన్ని బయటికి తేవడంలో విద్వాన్ విశ్వం ఆయనతో ఉన్నారు. ఇద్దరూ జైలుకెళ్ళారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోవే. 2022లోనే శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి.

ఒక చిన్న పుస్తకానికి సర్కారు ఎందుకు అంత భయపడింది? యుద్ధం ఖర్చు ఎవరి కడుపు మీద పడుతుందో తెలుగులో చెప్పింది గనుక. దొరల క్లబ్బులో ఇంగ్లీషులో మాట్లాడుకుంటే పట్టించుకోరు. మగ్గం ముందూ, మడి గట్టు మీదా చదివి వినిపించే మాటైతే అది నేరం.

అయితే రాజ్యం ఒక్కటే నోరు నొక్కదు. 1908లోనే 'కేసరి' రాతలకు తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష పడింది. 1920లో అంబేద్కర్ 'మూక్ నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా అదే 'కేసరి' ప్రకటన వేయలేదు. స్వేచ్ఛ కోసం జైలుకెళ్ళిన పత్రికే అంటరానివాడి పత్రికకు తలుపు మూసింది. దీన్ని ఏ జైలు లెక్కలో రాస్తారు?

జైలు లోపలా అంతే. 1930లో వలస ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి తరగతులు చేసింది. చదువూ హోదా చూసి తరగతి ఇస్తారు. చదువే దక్కనివాడికి మిగిలేది సి తరగతే గదా! స్వాతంత్ర్యం వచ్చాకా జైలు మాన్యువళ్ళు వంట ఒక కులానికీ, ఊడ్పు పని మరో కులానికీ పంచుతూనే వచ్చాయి. జర్నలిస్టు సుకన్య శాంత దీన్ని బయటపెట్టి, సుప్రీంకోర్టుకెక్కారు. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఒక జర్నలిస్టు రాత జైలు రిజిస్టరునే మార్చింది. రాతకు భయపడేది ఇందుకే.

ఆ భయం ఇంకా పోలేదు. ఎమర్జెన్సీలో బొజ్జా తారకం జైలుకెళ్ళారు. భీమా కోరేగావ్ కేసులో వరవరరావును 2018లో పట్టుకుపోయారు. అదే కేసులో ఆనంద్ తేల్‌తుంబ్డే జైలుకు కదిలిన రోజు 2020 ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి.

వీళ్ళందరికీ పేరుంది, పుస్తకం ఉంది. పుస్తకం లేని వాళ్ళ సంగతేమిటి? డప్పు కొట్టి పాట కట్టినందుకు, గోడ మీద నినాదం రాసినందుకు, కరపత్రం పంచినందుకు స్టేషన్లో కూర్చోబెట్టిన వాడు 'రచయిత' కాడు. అతని మీద పెట్టేది రాజద్రోహం కాదు, గలాటా కేసు. కాబట్టి భావప్రకటన చరిత్రలో అతనికి చోటు లేదు. అక్షరం లేని వాడి మాట కూడా భావప్రకటనే అని మేమంటున్నాం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం విద్యార్థులకూ, టీచర్లకూ ఇదొక పని. వాడల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ పాటకు ఎవరిని పట్టుకుపోయారో, ఏ కేసు పెట్టారో, ఏ ఏడో అడగండి. కోర్టు కాగితాలు వెతకండి. ఆ లెక్క మనమే రాయాలి.