పేరు మార్చుకున్న బ్యాండు

మొన్న ఒక కాంట్రాక్టు కోసం రెజ్యూమె పంపితే, అవతలాయన ఫోన్ చేసి, "అంతా బాగానే ఉంది గానీ, పేరు కాస్త కుదించకూడదూ?" అన్నాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. నాది మా తాతగారి పేరు. మామగారి పేరని అమ్మ కూడా నన్నెప్పుడూ దాంతో పిలవలేదు, "బాబూ" అనేది. గౌరవం కొద్దీ పలకకపోవడం వేరు, నోరు తిరక్క పలకకపోవడం వేరు కదా!

సాయంత్రం జాన్సన్‌విల్ రైల్లో ఇంటికొస్తూ ఈ సంగతి ఆఫీసు మిత్రుడికి చెప్తే, "షిహాద్ కథ తెలుసా? మా ఊరి బ్యాండే" అన్నాడు. తెలీదు. నా సంగీత జ్ఞానం ఇళయరాజా దాటితేగా! ఇంటికొచ్చాక వింటూ, చదువుతూ కూచున్నాను.

వెల్లింగ్టన్ హైస్కూల్లో స్నేహితులైన ఇద్దరు కుర్రాళ్ళు, పాడుతూ గిటారు వాయించే జాన్ టూగుడ్, డ్రమ్ముల టామ్ లార్కిన్, 1988లో మొదలెట్టిన రాక్ బ్యాండు ఇది. రెండో గిటారు ఫిల్ నైట్. బేస్ గిటారుకి ఒకరిద్దరు మారాక, 1991లో కార్ల్ కిప్పెన్‌బర్గర్ వచ్చి స్థిరపడ్డాడు. ఇక చివరిదాకా ఆ నలుగురే. 'డ్యూన్' సినిమాలో విన్న 'జిహాద్' అన్న మాటని తప్పు స్పెల్లింగుతో రాసుకుంటే ఆ పేరొచ్చింది. 1993లో మొదటి ఆల్బం 'చర్న్', 1999లో 'ది జనరల్ ఎలక్ట్రిక్'. ఇక్కడ బాగా పేరొచ్చాక అమెరికా మీద మనసు పడింది.

ఇంతలో 2001 సెప్టెంబరు 11 దాడులు. ఆ పేరుతో అమెరికాలో కష్టమని, 2002లో తమ పాటల్లో ఒకదాని పేరు తీసుకుని 'పసిఫయర్' అయ్యారు. అమెరికాలో ఆ మాటంటే పసిపిల్లలు ఏడవకుండా నోట్లో పెట్టే పాలపీక! అక్కడ అనుకున్నంత ఆదరణ దొరకలేదు, ఇక్కడి అభిమానులు నొచ్చుకున్నారు. ఉన్న పేరు పోయింది గానీ కొత్తగా పేరు రాలేదు. 2004లో మళ్ళీ షిహాద్ అయిపోయారు.

తర్వాత మరో ఇరవయ్యేళ్ళు వాయించారు. లార్కిన్ మెల్‌బోర్న్‌లో ఇతరుల ఆల్బములు తయారుచేసే పనిలో పడ్డాడు. టూగుడ్ సూడాన్ అమ్మాయిని పెళ్ళాడి, అక్కడి ఆడవాళ్ళ పెళ్ళిపాటల బాణీలతో 2018లో 'ది అడల్ట్స్' పేరిట 'హజా' అనే ఆల్బం చేశాడు. 2025 మార్చిలో వెల్లింగ్టన్‌లోనే చివరి కచేరీ, సొంత పేరుతో.

వాళ్ళంటే నలుగురు, వెనకాల అభిమానులూ ఉన్నారు. నా వెనకాల ఇంటి లోను వాయిదా ఉంది. అయినా నిన్న ఫోన్ చేసి, పేరు అలాగే ఉంచమన్నాను. ఆయన "సరే" అని, ఒక్కసారి ఎలా పలకాలో చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పాను.

కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదు.